పలుకుబడుల వెనుకటి నాణెములు

ఆంగ్ల వ్యాకరణమును గడచి, వార్తాపత్రికలను తడబాటు లేక చదువగల స్థితికి వచ్చిన స్పానిష్ భాషీయులకు పాఠ్యపుస్తకములు తుదిమెట్టుగా జాతీయముల పట్టికల నందించును. అందును ధనమునకు, వ్యయమునకు సంబంధించినవానికి తరచు ప్రత్యేకాధ్యాయమే యుండును. ఎడమవైపున ఆంగ్ల జాతీయము, కుడివైపున దానికి దీటైన స్పానిష్ పలుకుబడి, నడుమ నొక గీత: ఇంతటితో బోధన ముగియును. ఈ పద్ధతి సులభమే గాని, చాలినది కాదని నా అభిప్రాయము. ఏలన, పట్టిక అర్థమును చెప్పునే గాని, ఆ మాట ఏ దేశమున చెల్లునో, మెప్పుగా చెల్లునో నిందగా చెల్లునో చెప్పజాలదు.

పట్టిక చాలిన చోట్లును కలవు. కష్టకాలమున ఖర్చు తగ్గించుకొనుటను ఇరుభాషలవారును బెల్టు బిగించుకొనుట యనియే అందురు. ఖర్చు తడిసి మోపెడైనదని మనము వాపోవుచోట ఆంగ్లేయుడు ఒక చేయియు ఒక కాలును పోయినవనును. స్పెయిన్ దేశీయుడు కన్నొకటి పోయినదనును, కాదేని మూత్రపిండము పోయినదనును. అవయవము మారినను బాధ యొక్కటే గనుక, ఇట్టివానిని నేర్చుటకు ఒక పూట చాలును.

చిక్కంతయు పైకి పోలిక కనబడి లోపల లేనిచోట. స్పానిష్‌లో ‘తిరార్ లా కాసా పోర్ లా వెంతానా’ యనగా ఇంటిని కిటికీలోనుండి పారవేయుట. కూతురి పెండ్లికి వెనుకాడక ఖర్చుపెట్టిన తండ్రిని గూర్చి ఆ మాట అన్నచో అందు ఉత్సాహమే గాని నింద యుండదు. 1763లో మూడవ చార్లెస్ ప్రభువు కాలమున స్పెయిన్‌లో లాటరీ ఆరంభమైన పిమ్మట, బహుమతి తగిలినవారు పాతసామానును కిటికీలనుండి విసరివేసెడివారనియు, ఈ మాట అందుండి పుట్టెననియు చెప్పుకొందురు. విద్యార్థి దీనిని ఉన్నదున్నట్లు ఆంగ్లమున పలికెనా, డబ్బును కిటికీలోనుండి విసరుట దుబారాకు పేరైన ఆ భాషలో, మెచ్చుకొనబోయి తిట్టినట్లగును. అచట బ్రిటిష్‌వారి మాట ‘పుష్ ద బోట్ అవుట్’, పడవను నీటిలోనికి నెట్టుట; కాని ఆ మాటతో టెక్సాసులో కాలుపెట్టిన మెక్సికో యువకునకు ప్రయోజనము స్వల్పము.

మరికొన్ని జాతీయములకు నాణెముల చరిత్రయే తాళపుచెవి. పెన్నీ ఖర్చుపెట్టుట యనిన, స్వల్పవ్యయమనియే ఏ స్పానిష్ విద్యార్థియైనను తలచును. బ్రిటన్‌లో అది మరుగుదొడ్డికి పోవుటకు మర్యాదగా చెప్పు మాట. 1851లో లండన్ మహాప్రదర్శనమున జార్జి జెన్నింగ్స్ అనునతడు ఏర్పరచిన మరుగుదొడ్లకు రుసుము ఒక పెన్నీ. తరువాతి కాలమున బహిరంగస్థలములలోని ఆ తలుపుల తాళములు సయితము పెన్నీ వేసినగాని తెరువబడెడివి కావు. పౌనుకు 240 పెన్నీల లెక్క 1971 ఫిబ్రవరి 15న తొలగిపోయినను, రుసుము ఎన్నో రెట్లు పెరిగినను, వృద్ధుల నోట ఆ మాట నేటికిని వినబడును. స్పెయిన్‌లోను అంతే: అయిదు పెసెతాల దురో నాణెము 2002లో పెసెతాతో బాటు చెలామణి నుండి తొలగినను, చేతిలో చిల్లిగవ్వ లేనివాడు దురో లేదనియే చెప్పుకొనును. 1957లో దశాంశ నాణెములు వచ్చిన పిమ్మటను పదహారణాల తెలుగువారమని చెప్పుకొను మనకు ఇందు వింత తోచనక్కరలేదు.

కావున పాఠ్యపుస్తక రచయితలు ప్రతి జాతీయము ప్రక్కను మూడు సంగతులు వ్రాయవలెను: అది ఏ దేశపు మాట, ఎవరితో పలుకదగినది, నేటి యువకులు పలుకుదురా లేదా. స్థలము చాలదందురేని, పట్టికలో సగము తగ్గింపవచ్చును. నూరు జాతీయములను అర్థమాత్రముగా వల్లించుటకంటె ఇరువదింటి పుట్టుపూర్వోత్తరము లెరుగుట మేలు. విద్యార్థియు విన్నదానినెల్ల గ్రహింప యత్నింపవలెను గాని, తన నోట పలుకుటకు తొందరపడరాదు. చక్కని సామాన్యవాక్యముతో బేరమాడినవానిని ఏ దుకాణదారుడును నవ్వడు. తప్పుచోట పడిన జాతీయమునకు మాత్రము నవ్వకుండువాడు అరుదు.