రోజుకు రెండు సెకన్లు

ఒక బొమ్మ చెయ్యి ఎత్తాలి. అంతే!

ముందుగా బొమ్మను కెమెరా ఎదుట నిలబెట్టాలి. ఓ ఫొటో తీయాలి. చేతిని వెంట్రుకవాసి పైకి జరపాలి. మళ్లీ ఫొటో. ఇంకో వెంట్రుకవాసి... మళ్లీ ఫొటో. ఇలా ఇరవై నాలుగు ఫొటోలు తీసి వరసగా తిప్పితే తెరమీద గడిచేది ఒక్కటంటే ఒక్క సెకను. ఆ సెకనులో బొమ్మ తనంతట తానే చెయ్యి ఎత్తినట్టు కనిపిస్తుంది. మధ్యలో మోచెయ్యి తగిలి బొమ్మ పక్కకు ఒరిగిందా... పని మళ్లీ మొదటికొస్తుంది!

దీన్నే 'స్టాప్ మోషన్' అంటారు. మన తోలుబొమ్మలాటలో బొమ్మను ఆడించే చెయ్యి తెర వెనకే ఉంటుంది. ఇక్కడ మాత్రం ఫొటో తీసే ప్రతిసారీ ఆ చెయ్యి తప్పుకోవాలి. తీశాక మళ్లీ రావాలి. ఒక సెకనుకే ఇంత తతంగమైతే, గంటా ముప్ఫై తొమ్మిది నిమిషాల సినిమా సంగతేంటి? అందులోనూ పరుగులు, పోరాటాలు, పాతాళంలో మెలికలు తిరిగే రాక్షస పురుగులు ఉంటే?

లెక్క కడితే లక్షా నలభై వేల పైచిలుకు ఫొటోలు. అలాంటి పనిని సినిమా చదువు చదవని, ఏ స్టూడియోలోనూ పనిచేయని ఓ మనిషి తలకెత్తుకున్నాడు. అతని పేరు తకహిదె హోరి. జపాన్ దేశస్థుడు. ఆ సినిమా పేరు 'జంక్ హెడ్'.

నలభైకి దగ్గర పడ్డాక...

హోరి పుట్టింది 1971లో. బొమ్మలు గీయడం, శిల్పాలు చెక్కడం లాంటివన్నీ ఇష్టమే. కళాకారుడు కావాలనే కోరికా ఉంది. కానీ పొట్ట గడవాలి కదా! ఇళ్లకూ భవనాలకూ లోపలి హంగులు అద్దే పనిలో కుదురుకున్నాడు. ఏళ్లు గడిచిపోయాయి. ముప్ఫై ఎనిమిదో ఏడు వచ్చేసింది. కొత్తగా ఓ కళ నేర్చుకుని అందులో పేరు తెచ్చుకుంటానంటే నలుగురూ నవ్వే వయసది.

సరిగ్గా అప్పుడే అతనికి ఓ సంగతి తెలిసింది. మకోతో షింకాయ్ అనే కుర్రాడు 2002లో ఇరవై అయిదు నిమిషాల యానిమేషన్ చిత్రాన్ని దాదాపు ఒంటిచేత్తో, ఇంట్లో కంప్యూటర్ మీద తయారుచేశాడట! అంతరిక్షంలోకి వెళ్లిన అమ్మాయికీ, భూమ్మీద ఉండిపోయిన అబ్బాయికీ మధ్య నడిచే సెల్‌ఫోన్ సందేశాల కథ అది. తర్వాతి రోజుల్లో 'యువర్ నేమ్' చిత్రంతో ప్రపంచమంతా పేరు తెచ్చుకున్న షింకాయ్ ఇతనే. మామూలుగా ఓ యానిమేషన్ సినిమా అంటే వందలమంది పనిచేయాలి. ఒక్కడు కూడా చేయొచ్చన్నమాట!

ఆ మాట హోరికి ధైర్యమిచ్చింది. అయితే కంప్యూటర్‌తో బొమ్మలు గీయడం కంటే చేత్తో వస్తువులు తయారుచేయడమే అతనికి బాగా వచ్చు. అందుకే స్టాప్ మోషన్‌ను ఎంచుకున్నాడు. ఎలా చేయాలో నేర్పేవాళ్లు లేరు. తనంతట తానే నేర్చుకున్నాడు. 2009 చివర్లో పని మొదలుపెట్టాడు. బొమ్మలు తనే చేశాడు. వాటికి బట్టలు తనే కుట్టాడు. పాతాళలోకపు గోడలు, గొట్టాలు, తుప్పు పట్టిన యంత్రాలు తనే కట్టాడు. లైట్లూ తనవే, కెమెరా తనదే. అలా నాలుగేళ్లు గడిచాక చేతికొచ్చింది ఎంతో తెలుసా? అరగంట సినిమా!

చావు లేదు... బతుకూ లేదు

ఇంతకీ కథేంటి?

ఎప్పటిదో భవిష్యత్తు. శాస్త్రం పుణ్యమా అని మనుషులకు దాదాపు చావు లేకుండా పోయింది. జన్యువులను మార్చుకుని ఎన్ని వందల ఏళ్లయినా బతికేస్తున్నారు. కానీ ఆ వరానికి ఓ మెలిక ఉంది. వాళ్లకు పిల్లలు పుట్టరు! భూమి పైభాగమంతా ముసలితనం తెలియని మనుషులే. పసిపాప ఏడుపు మాత్రం ఎక్కడా వినిపించదు. ఇంతలో కొత్త వైరస్ ఒకటి వచ్చి జనంలో మూడోవంతు మందిని తుడిచిపెట్టేస్తుంది. పుట్టేవాళ్లు లేరు, ఉన్నవాళ్లు తగ్గిపోతున్నారు. మరి దారేది?

దారి నేల కిందే ఉందని తేలుతుంది. ఎన్నో వందల ఏళ్ల కిందట మనుషులు తమ చాకిరీ కోసం 'మారిగన్' అనే కృత్రిమ జీవులను తయారుచేసుకున్నారు. అవి తిరగబడి పాతాళాన్ని ఆక్రమించుకున్నాయి. అక్కడే తమ దారిన తాము రకరకాలుగా మారుతూ బతుకుతున్నాయి. వాటి పుట్టుక రహస్యం తెలిస్తే మనుషులకూ మళ్లీ సంతానం కలగొచ్చని ఆశ. అందుకని కిందికి వెళ్లి పరిశోధించేవాళ్లు కావాలని ప్రకటన వేస్తారు.

ముందుకొచ్చింది వీరుడూ కాదు, శాస్త్రవేత్తా కాదు. పార్టన్ అనే డాన్సు మాస్టారు! వైరస్ దెబ్బకు శిష్యులు తగ్గిపోయి పని లేకుండా ఉన్నాడు పాపం. కిందికి దిగుతుండగానే మారిగన్ల దాడిలో అతని వాహనం పేలిపోతుంది. ఒళ్లంతా ముక్కలైపోతుంది. మిగిలేది తల ఒక్కటే. పాతాళంలోని ఓ వైద్యుడు ఆ తలను చెత్తలోంచి ఏరిన యంత్రానికి తగిలిస్తాడు. జంక్ అంటే చెత్త, హెడ్ అంటే తల. పేరు అలా వచ్చింది!

మొదట్లో మారిగన్లు అతన్ని దేవుడంటారు. తమను సృష్టించింది మనుషులే కదా మరి. కానీ పాతాళంలో దేవుడి హోదా ఎన్నాళ్లో నిలవదు. ఇంకా లోతుకు పడిపోతాడు. జ్ఞాపకం పోతుంది, మాట పోతుంది, ఉన్న ఒళ్లు కూడా పోయి ఇంకా నాసిరకం ఒళ్లు వస్తుంది. నిన్నటి దేవుడు ఇవాళ చిల్లర పనులు చేసే కూలీ! సరుకు తెమ్మని పంపితే దారిలో మోసగాడి చేతిలో పడి డబ్బు పోగొట్టుకుని వస్తాడు. అక్కడ చూసేవాళ్లకు నవ్వూ వస్తుంది, జాలీ వేస్తుంది. అతని కోసం ప్రాణాలకు తెగించే ముగ్గురు అన్నదమ్ములు తారసపడినప్పుడు మాత్రం గొంతు పట్టేస్తుంది. వాళ్లు మనుషులు కారు, రబ్బరు బొమ్మలన్న సంగతి అప్పటికి గుర్తుండదు.

పైలోకంలో పార్టన్‌కు అంతులేని కాలం ఉంది. కానీ ఆ కాలాన్ని ఏం చేసుకోవాలో తెలియదు. కింద ఏ మూల నుంచి ఏ పురుగు వచ్చి మింగుతుందో తెలియదు. అక్కడే అతనికి తాను బతికున్నానని మొదటిసారి అనిపిస్తుంది. చెత్త, నెత్తురు, రాక్షసుల మధ్య హోరి చెప్పిన అసలు మాట అది.

పేర్లు కావవి... ఒకటే పేరు!

మళ్లీ అరగంట సినిమా దగ్గరికి వద్దాం. దాన్ని 2014లో ఫ్రాన్స్‌లోని క్లెర్మాంట్-ఫెర్రాండ్ లఘుచిత్రాల ఉత్సవంలో చూపిస్తే బహుమతి వచ్చింది. ఇంటర్నెట్‌లో చూసి హాలీవుడ్ దర్శకుడు గియెర్మో డెల్ టోరో అంతటివాడు మెచ్చుకున్నాడు. ఆ తర్వాత పెట్టుబడి దొరికింది. దాంతో అరగంట కథను పూర్తి సినిమాగా పెంచే పని మొదలైంది. తోడుగా కొందరు సహాయకులు వచ్చినా ప్రధాన భారం మాత్రం హోరిదే.

సినిమా అయిపోయాక పేర్లు పడతాయి చూడండి... అక్కడ ప్రేక్షకులు పగలబడి నవ్వుతారు. దర్శకత్వం, కథ, ఛాయాగ్రహణం, లైటింగ్, ఎడిటింగ్, బొమ్మలు, సెట్లు... ఏ శాఖ చూసినా అదే పేరు. తకహిదె హోరి, తకహిదె హోరి, తకహిదె హోరి! చివరికి గొంతులు కూడా చాలావరకు అతనివే. పేరున్న నటులతో డబ్బింగ్ చెప్పించే బదులు ఏ దేశంలోనూ లేని ఓ భాషను కల్పించాడు. పాత్రలన్నీ గురగుర, బుడబుడ అంటూ ఏదో మాట్లాడుకుంటాయి. అర్థం తెలియాలంటే జపాన్ వాళ్లయినా సరే కింద అక్షరాలు చదువుకోవాల్సిందే! ఆ వింత భాషే సినిమాకు అందమైంది.

సినిమా 2017లో పూర్తయింది. మొదలుపెట్టిన దగ్గర్నుంచి ఏడేళ్లు! అదే ఏడాది కెనడాలోని మాంట్రియల్‌లో ఫాంటేషియా చిత్రోత్సవంలో ప్రదర్శించారు. మెప్పు దొరికింది. కానీ సొంతగడ్డ మీద థియేటర్లకు చేరడానికి ఇంకో నాలుగేళ్లు పట్టింది. నిడివిని తొంభై తొమ్మిది నిమిషాలకు కుదించి 2021 మార్చి 26న జపాన్‌లో విడుదల చేశారు. అప్పటికి కరోనా కాలం నడుస్తోంది. వైరస్ వల్ల శిష్యులు రాక ఖాళీగా కూర్చున్న డాన్సు మాస్టారిని తెరమీద చూసి జనం ఉలిక్కిపడి ఉంటారు. ఆ సన్నివేశం రాసిననాటికి కరోనా పేరు ఎవరూ వినలేదు మరి!

ఓ హెచ్చరిక కూడా చెప్పుకోవాలి. బొమ్మల సినిమా కదా అని చంటిపిల్లలను పక్కన కూర్చోబెట్టుకుంటే ఇబ్బందే. నరుక్కోవడాలు, మింగెయ్యడాలు, జుగుప్స కలిగించే జీవులు చాలానే ఉన్నాయి. కాస్త ఎదిగిన పిల్లలతో కలిసి చూస్తే మాత్రం చూసినంతసేపూ 'ఇదెలా తీశాడు?' అన్న ప్రశ్న ఇంటిల్లిపాదినీ వదలదు.

లెక్క చూస్తే...

తొంభై తొమ్మిది నిమిషాలంటే 5,940 సెకన్లు. ఏడేళ్లంటే రెండున్నర వేల రోజులు దాటతాయి. ఆ సెకన్లను ఈ రోజులకు పంచితే రోజుకు రెండు సెకన్లు చిల్లర. పొద్దున లేచి బొమ్మలకు రంగులు వేసి, గోడలు కట్టి, లైట్లు సర్ది, యాభై పైగా ఫొటోలు తీసి, రాత్రి నడుం వాల్చేసరికి సినిమా ముందుకు జరిగేది సగటున అంతే. రెప్ప రెండుమూడుసార్లు వేసేలోపు ఆ రోజు సంపాదన అయిపోతుంది. మర్నాడు మళ్లీ రెండు సెకన్లు.

పోనీ, ఇంత చేస్తే ఎవరైనా చూస్తారన్న నమ్మకం ఉందా? మొదటి నాలుగేళ్లూ అదీ లేదు. తీయమని అడిగినవాళ్లు లేరు, కొంటామన్నవాళ్లు లేరు. మధ్యలో ఆపేస్తే ఎందుకు ఆపావని నిలదీసేవాళ్లూ లేరు. నలభైలోకి అడుగుపెట్టిన మనిషికి ఏడేళ్లు చిన్న మొత్తం కాదు. పోతే తిరిగి రావు. అతను కల్పించిన మనుషుల దగ్గర వేల ఏళ్లు ఊరికే పడి ఉన్నాయి. అతని దగ్గర మాత్రం లెక్కపెట్టుకోవాల్సినన్నే ఉన్నాయి. వాటిని తెచ్చి రోజుకు కాస్త చొప్పున ఆ బొమ్మలకు పోశాడు.

అన్నట్టు, కథ అక్కడితో ముగియలేదు. హోరి దీన్ని మూడు భాగాలుగా అనుకున్నాడు. 'జంక్ హెడ్'కు వెయ్యేళ్ల ముందు జరిగే రెండో కథ 'జంక్ వరల్డ్' 2025 జూన్‌లో జపాన్‌లో విడుదలైంది. ఈసారి విడిభాగాలు చేయడానికి త్రీడీ ప్రింటర్లు సాయం వచ్చాయి. చేతికింద మరికొందరు చేరారు. అయినా బొమ్మను కదపాల్సింది వెంట్రుకవాసే, తీయాల్సింది ఒక్కో ఫొటోయే.

హోరికి ఇప్పుడు యాభై దాటాయి. మూడో భాగం ఇంకా మిగిలే ఉంది.