తుమ్మకర్ర చెప్పే సంగతులు

గోపన్‌పల్లిలో ఓ అపార్ట్‌మెంట్, తొమ్మిదో అంతస్తు. రాత్రి తొమ్మిదిన్నర. హాల్లో మిత్రుడు ల్యాప్‌టాప్ ముందు కూర్చుని అమెరికా వాళ్లతో మాట్లాడుతున్నాడు. లోపలి గదిలో ఆయన తల్లి మోకరించి కళ్లు మూసుకుంది. ఆరేళ్ల పాప తొంగిచూసి వచ్చి అడిగింది... ''నాన్నా, నానమ్మ ఎవరితో మాట్లాడుతోంది? చేతిలో ఫోన్ లేదుగా!''

నవ్వబోయి ఆగిపోయాడాయన. మెదక్ దగ్గర పల్లెలో పెరిగినవాడు. అక్కడ కుటుంబ ప్రార్థన అయ్యాకే పడక. ఉద్యోగం వచ్చాక అది వారానికోసారి అయింది. ఫ్లాటు కొన్నాక అదీ లేదు. ''నమ్మకం పోలేదండీ, అలవాటు పోయింది. పాపకి ప్రార్థన అంటేనే తెలీకుండా పోయింది'' అన్నాడు నాతో.

పోయిన అలవాటును తిరిగి పట్టుకోవడం ఎలా? జవాబు చాలా పాత వస్తువుల్లో ఉంది. ఇశ్రాయేలీయులు ఎడారిలో మోసుకు తిరిగిన ప్రత్యక్షపు గుడారంలోని వస్తువుల్లో!

ముళ్లచెట్టే మందసం

పది ఆజ్ఞల పలకలు దాచిన మందసాన్ని ఏ చెట్టుతో చేశారో తెలుసా? తెలుగు బైబిల్ తుమ్మకర్ర అంటుంది. మన చెరువుగట్ల మీది నల్లతుమ్మకి ఎడారి చుట్టం అన్నమాట. మనవాళ్లు నాగళ్లకీ బండి చక్రాలకీ వాడిన జాతి కర్ర. దానికి బంగారు రేకు తొడిగారు. బయటే కాదు, ఎవరూ చూడని లోపలి వైపు కూడా! భక్తిలో మొదటి పాఠం ఇదే. గుడిలో కనిపించే మనిషీ, గదిలో ఒంటరిగా ఉన్న మనిషీ ఒకరే కావాలి.

ఇంకో విశేషం... మందసాన్ని మోసే కర్రలను ఎప్పుడూ తీయకూడదన్నది నియమం. జనం ఎటు కదిలితే అదీ అటే. ఊరు మారినా, ఆన్‌సైట్ వెళ్లినా ప్రార్థన మనతో ప్రయాణం చేయాల్సిందే.

అద్దాలు కరిగించి...

గుడారం ముందు ఓ ఇత్తడి గంగాళం ఉండేది. యాజకులు కాళ్లూ చేతులూ కడుక్కున్నాకే లోపలికి వెళ్లాలి. ఆ గంగాళాన్ని అక్కడ సేవచేసే స్త్రీల అద్దాలతో చేశారని నిర్గమకాండం చెబుతుంది. ముఖం చూసుకునే అద్దం, మురికి కడుక్కునే పాత్ర అయింది! రాత్రి పడుకునేముందు ఆ రోజు ఎవరిమీద అరిచాం, ఎవరికి మాట తప్పాం అని ఓసారి చూసుకోవడం, క్షమాపణ అడగడం... అదే మన గంగాళం.

వత్తి, రొట్టె, ధూపం

ఏడు దీపాల దీపవృక్షాన్ని మేలిమి బంగారాన్ని సుత్తితో కొట్టి మలిచారు. అయినా నూనె పోయకపోతే అది వెలగదు. యాజకుడు రోజూ ఉదయం ప్రమిదలను సరిచేయాల్సిందే. వాక్య పఠనమూ అంతే. నిన్న చదివింది నిన్నటికే.

బల్లమీద పన్నెండు సన్నిధి రొట్టెలు వారం పాటు ఉండేవి. విశ్రాంతి దినాన కొత్తవి పెట్టి, పాతవాటిని యాజకులు తినేవారు. వారానికి ఒకరోజు పని ఆపడం, కలిసి తినడం కూడా ఆరాధనలో భాగమే. ల్యాప్‌టాప్‌తో భోంచేసేవాళ్లు ఆలోచించాల్సిన విషయం!

ధూపవేదిక మీద ఉదయం, సాయంత్రం సాంబ్రాణి కలిపిన పరిమళ ధూపం వేసేవారు. ఆ మిశ్రమాన్ని సొంతానికి తయారుచేసుకోవడం నిషేధం. దేవుడికని కేటాయించింది దేవుడికే. పది నిమిషాలైనా సరే, ఆ పది నిమిషాల్లో మెయిల్ చూడకూడదు.

వస్తువులు పోయినా...

క్రీ.పూ. 586లో బాబిలోను సైన్యం యెరూషలేమును కూల్చాక మందసం ఏమైందో ఎవరికీ తెలీదు. క్రీ.శ. 70లో రోమన్లు రెండో ఆలయాన్ని ధ్వంసం చేశారు. దాని దీపవృక్షాన్నీ బల్లనూ విజయోత్సవంగా మోసుకెళ్తున్న దృశ్యం రోమ్‌లోని టైటస్ తోరణం మీద నేటికీ చెక్కి ఉంది. హెబ్రీయులకు రాసిన పత్రిక ఆ గుడారాన్ని పరలోక సంగతులకు నీడగా చూస్తుంది. నీడను పట్టుకుని కూర్చోమని కాదు దానర్థం. అది నేర్పిన క్రమాన్ని మనసులోకి తెచ్చుకోమని.

ఇదంతా మిత్రుడికి చెప్పాను. నెల తర్వాత ఫోన్ చేస్తే నిజాయతీగా చెప్పాడు. ''రాత్రి తొమ్మిదింటికి పది నిమిషాలు అనుకున్నాం. వారంలో నాలుగు రోజులు కుదురుతోంది, మూడు రోజులు లేదు.''

''మరి ఆ మూడు రోజులు?''

''పాప వచ్చి ల్యాప్‌టాప్ మూసేస్తోందండీ!''