రాజుల నగరమూ, రైతుల దుంపా

మన యాత్రారచనలకు ఒక మూస తయారయింది. రచయిత విమానం దిగుతాడు, నగరశోభకు ముగ్ధుడవుతాడు, చర్చి గోపురాలు లెక్కపెడతాడు, అక్కడి జనం అతిథిప్రియులని మెచ్చుకొని తిరిగివస్తాడు. దక్షిణ అమెరికా రాజధానిని తొలిసారి చూసివచ్చిన వారికి ఈ మూస మరీ అక్కరకొస్తుంది. ఆ నగరం చూసిన పాఠకులు ఇక్కడ తక్కువ కదా!

పెరూ రాజధాని లిమానే తీసుకుందాం. 1535లో స్పెయిన్ దండనాయకుడు పిజారో దాన్ని స్థాపించి 'రాజుల నగరం' అన్నాడు. శిశువు క్రీస్తుకు కానుకలు తెచ్చిన ముగ్గురు రాజుల పేర పెట్టారట. ఆ రాజులు కానుకలు తెచ్చారు. ఈ దండనాయకులు ఉన్నది ఊడ్చుకుపోయారు. 1533లో ఇన్కా చక్రవర్తి అతవాల్పా చేత గదినిండా బంగారం పోయించుకొని, ఆ పైన అతణ్ణి చంపినవాళ్లు వీళ్లే. యాత్రికుడు ఆ బిరుదు పలికి పరవశిస్తాడు, ఈ లెక్క అడగడు.

దోపిడిదారులు బంగారాన్ని తూచారు గాని, అంతకన్న గొప్ప సంపద ఆండీస్ రైతు చేతిలో ఉంది. అది ఆలుగడ్డ. వేల ఏళ్లు శ్రమించి ఆ రైతులు నాలుగు వేలకు పైగా రకాలు నిలబెట్టారు. మనం బంగాళాదుంప అంటాం; పేరులో బంగాళం ఉన్నా దాని పుట్టిల్లు ఆండీసే. తెలంగాణలో చలి బాగా పడే ఊళ్లలో ఒకటైన కోహీర్ చుట్టుపక్కల అది యాసంగి పంట. విత్తనం ఉత్తరాది నుంచి కొనుక్కొని, ధర వ్యాపారి నోట వినే ఇక్కడి రైతుకు లిమా పరాయిది కాదు. దుంపపై పరిశోధించే అంతర్జాతీయ కేంద్రం 1971 నుంచి ఆ నగరంలోనే ఉంది. రాజధానికి పోయిన తెలుగు రచయిత ఆ గడప తొక్కాడా? విత్తనం ఎవరి చేతిలో ఉందని అడిగాడా?

"సాహిత్యంలో సౌందర్యం చాలు, రాజకీయాలెందుకు?" అంటారు కొందరు. లిమాలో ధనికుల కాసువారినాస్ పేటకూ, కొండవాలు మీది పేదల పాంప్లోనా ఆల్తాకూ నడుమ సుమారు పది కిలోమీటర్ల గోడ లేచింది. జనం దానికి సిగ్గుగోడ అని పేరుపెట్టారు. అందులో కొంత భాగాన్ని కూల్చమని 2022 చివర ఆ దేశపు రాజ్యాంగ న్యాయస్థానం చెప్పవలసివచ్చింది. గోడకు ఇవతల నిలబడి సూర్యాస్తమయం వర్ణించడం రాజకీయం కాదా? అది గోడ కట్టినవాడి రాజకీయం.

మనవాళ్లూ తక్కువ తినలేదు. అభ్యుదయవాది లిమా వెళితే మరియాతెగి నివసించిన ఇంటికి తీర్థయాత్ర చేసి, నినాదం రాసుకొని వస్తాడు. కాని మరియాతెగి 1928 నాటి తన వ్యాసాల గ్రంథంలో చెప్పిందేమిటి? ఆదివాసి సమస్య చదువుదీ కాదు, నీతిదీ కాదు, భూమిది అని. 1949లో జాగీర్ల రద్దు చూసిన హైదరాబాదు రాజ్యపు వారసులకు ఈ మాట విడమరచి చెప్పాలా? ఇల్లు చూసి భూమిని మరిచినవాడు ఆయన్ను చదవనట్టే.

నగరాన్ని చూడటమంటే, దానికి అన్నం పెట్టేదెవరు, గోడకు అవతల ఉంచబడిందెవరు అని అడగడం. హైదరాబాదు గురించి ఈ ప్రశ్న వేయలేనివాడు లిమాలోనూ వేయలేడు. కోహీర్ రైతుకు విమానం టిక్కెట్టు ఎవరూ కొనివ్వరు. అతని ప్రశ్ననైనా మన రచయితలు మూటగట్టుకొని పోవద్దా?