పైరవీకారులంటూ తలుపు మూస్తే నష్టపోయేది ఎవరు?

2012 డిసెంబరులో వాల్‌మార్ట్ వ్యవహారంతో పార్లమెంటు అట్టుడికిపోయింది. భారత మార్కెట్లో ప్రవేశం సహా పలు విషయాలపై లాబీయింగ్‌కు 2008 నుంచి దాదాపు రెండున్నర కోట్ల డాలర్లు ఖర్చుపెట్టానని ఆ కంపెనీయే అమెరికా సెనేట్‌కు లెక్క చెప్పింది. ప్రభుత్వం విశ్రాంత న్యాయమూర్తి ముకుల్ ముద్గల్‌తో విచారణ వేయించింది. లాబీయిస్టంటే పైరవీకారుడే, వాణ్ణి చట్టసభ గడప తొక్కనివ్వకూడదు అన్న మాట అప్పుడు గట్టిగా వినిపించింది, ఇప్పటికీ వినిపిస్తోంది. ఈ మాట వినడానికి బాగుంటుంది, కానీ దీనివల్ల పేదవాడికే ఎక్కువ నష్టం.

అసలు ఆ లెక్క మన చెవిన పడిందే అమెరికాలో 1995 నాటి లాబీయింగ్ వెల్లడి చట్టం ఉండబట్టి. ఢిల్లీలో ఏ బిల్లు కోసం ఎవరు ఏ మంత్రిని కలిశారో చెప్పి తీరాలన్న చట్టం మనకు నేటికీ లేదు.

వికలాంగుల చట్టం సంగతి చూడండి. 1995 చట్టం గుర్తించిన వైకల్యాలు 7. 2016 చట్టంలో అవి 21 అయ్యాయి. తలసేమియా, హీమోఫీలియా, సికిల్‌సెల్, పార్కిన్సన్స్ చేరాయి, యాసిడ్ దాడి బాధితులకూ చోటు దొరికింది. వికలాంగుల సంఘాలు ఏళ్ల తరబడి మంత్రిత్వ శాఖల చుట్టూ తిరిగాయి, పార్లమెంటు స్థాయీ సంఘానికి వినతిపత్రాలిచ్చాయి, ముసాయిదాలో ఒక్కో పదం కోసం పట్టుబట్టాయి. ఇది లాబీయింగ్ కాక మరేమిటి? మన ఏజెన్సీలో సికిల్‌సెల్ నొప్పులు ముదిరినప్పుడు మంచం దిగలేని గిరిజన పిల్లవాడికి ఈ రోజు ఆ చట్టంలో చోటుందంటే, ఎవరో పనిగట్టుకుని వెళ్లి అతని తరఫున అడగబట్టే. ఎంపీకి రక్తవ్యాధుల గురించి, పేటెంట్ల గురించి, విత్తనాల గురించి అన్నీ తెలిసి ఉండవు. తెలిసినవాళ్లు వచ్చి చెప్పాలి.

అలా చెప్పించుకోకపోతే ఏమవుతుందో తెలంగాణ రైతుకు అనుభవమే. 2020 సెప్టెంబరు 9న సభలో పెట్టిన భూహక్కుల బిల్లు 11వ తేదీకల్లా శాసనసభ దాటేసింది. రికార్డులో తప్పు పడితే అప్పీలుకు వెళ్లే దారి అందులో లేదు. పాసుబుక్కులో పేరు మారిపోయినవాడు సివిల్ కోర్టు మెట్లెక్కాల్సి వచ్చింది. 2024లో కొత్త ముసాయిదాను ఆగస్టులోనే జనం ముందు పెట్టి అభిప్రాయాలు తీసుకున్నారు. డిసెంబరులో సభ ఆమోదించిన భూభారతి బిల్లులో అప్పీలు తిరిగి వచ్చింది.

డబ్బున్నవాడి గొంతే పైకి వినబడుతుంది కదా అంటారు. నిజమే, నాకూ ఆ భయం ఉంది. కానీ తలుపు మూస్తే ఆగిపోయేది ఎవరు? 2015లో పొగాకు ప్యాకెట్లపై 85 శాతం మేర హెచ్చరిక బొమ్మ వేయాలన్న నిబంధన ఆగింది. దాన్ని పరిశీలించిన పార్లమెంటరీ కమిటీలో సొంత బీడీ వ్యాపారమున్న ఎంపీయే సభ్యుడిగా కూర్చున్నారు. అలాంటి వ్యాపారానికి బయటి లాబీయిస్టు అవసరమేముంది? నిషేధం పెడితే బయట ఉండిపోయేది క్యాన్సర్ డాక్టర్లూ రోగుల సంఘాలే. వాళ్లు అప్పుడు గొంతెత్తబట్టి, మరుసటి ఏడాది ఏప్రిల్ నుంచి ఆ 85 శాతం అమల్లోకి వచ్చింది.

కాబట్టి లాబీయిస్టు పేరు రిజిస్టరులో ఉండాలి. ఎవరి డబ్బుతో వచ్చాడో, ఏ క్లాజు మార్చమన్నాడో రాసి ఉండాలి. బిల్లు సభకు వచ్చేటప్పుడు ఆ జాబితా కూడా సభ్యుల బల్లల మీదికి రావాలి. బిల్లుల ముసాయిదాను 30 రోజుల పాటు ప్రజల ముందు ఉంచాలని కేంద్రం 2014లోనే ఒక విధానం పెట్టుకుంది. అది విధానమే తప్ప చట్టం కాదు గనుక శాఖలు తోచినప్పుడు పాటిస్తున్నాయి, తోచనప్పుడు వదిలేస్తున్నాయి. దాన్ని పార్లమెంటు చట్టం చేయాలి. అమరావతి, హైదరాబాద్ సభలు కూడా అలాంటి చట్టం తెచ్చుకోవాలి, వచ్చే బడ్జెట్ సమావేశాల్లోనే.