నీరు పల్లమెరుగు, పార మా చెయ్యెరుగు

నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు అంటారు పెద్దలు. నిజాన్ని దేవుడి మీదికి తోసేస్తే కొందరికి సుఖంగా ఉంటుంది. మాకు కుదరదు. నీరు పల్లమెరుగును సరే, ఆ పల్లంలో మమ్మల్ని ఎవరు పెట్టేరు? మెరకంతా ఊరు, పల్లమంతా పేట. వానొస్తే ముందు మునిగేది పేట. నీరు తీసేక ఊరందరి బురదా ఎత్తేది కూడా పేటే. విపత్తుకి కులం లేదని ఉపన్యాసాలు చెప్పేవాళ్లని నేనొకటే అడుగుతున్నాను. బురద దగ్గరికి రండి. ఎవరి మెడలో స్టెతస్కోపుందో, ఎవరి చేతిలో పారుందో మీ కళ్లతో చూసి అప్పుడు చెప్పండి.

నాది పెంటపాడు. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటోణ్ణి. గవర్నమెంటు బళ్లో పాఠాలు చెప్పుకుంటున్నాను. నీళ్ల సంగతి మాకొకళ్లు చెప్పక్కర్లేదు. ఎర్రకాలువ పొంగితే నందమూరు నుంచి చేలన్నీ ఏకమైపోతాయి. అదే కాలువ యనమదుర్రు డ్రెయినై భీమవరం వైపు పోతుంది. 1996 నవంబరు 6న తుపాను కోనసీమని ఊడ్చేసినప్పుడు నేను చిన్నపిల్లాణ్ణి. గాలి మా వైపూ కొట్టింది. మా తాటాకు కప్పు లేచిపోయింది. మర్నాడు మా నాన్నకి కబురొచ్చింది. కప్పు ఎలా ఉందని కాదు, చచ్చిన గేదెల్ని లాగటానికి రమ్మని. మా ఇల్లు తడిసి ముద్దయి ఉంటే మా నాన్న పరాయి దొడ్లో తాడు పట్టుకున్నాడు. దాన్ని ఎవరూ సేవ అనలేదు. సేవ అనే మాట పాల ప్యాకెట్లు పంచినవాళ్లకి పోయింది.

2024లో ఆగస్టు 31, సెప్టెంబరు 1 వానలకి బుడమేరుకి గండ్లు పడ్డాయి. విజయవాడలో సింగ్‌నగర్, పాయకాపురం, వాంబే కాలనీ మునిగేయి. ఆ బుడమేరు ఆఖరికి వచ్చి కలిసేది మా కొల్లేట్లోనే. సెప్టెంబరు 7 వినాయకచవితి, మర్నాడు ఆదివారం. ఆ రెండు రోజులూ ఒక స్వచ్ఛంద వైద్య బృందంతో వెళ్లేను. పని పంచే పెద్దమనిషి అందర్నీ ఊరూ పేరూ అడిగేడు.

"మాస్టారూ, మీదేవూరండి?"

"పెంటపాడండి."

"పెంటపాడులో ఎటేపండి?"

ఎటేపంటే దిక్కు కాదని మా జిల్లాలో పసిపిల్లాడికీ తెలుసు. "మాదిగపేటండి" అన్నాను. కుర్రాళ్లకి మందుల బల్ల, రిజిస్టరు, బీపీ మిషను అప్పజెప్పేడు. నా దగ్గరికొచ్చి, "మీరు బలంగా ఉన్నారు కదా, ఆ వరండా బురద చూడండి. మూల కుక్క చచ్చుంది, అదీ తీసెయ్యండి" అన్నాడు. బలం నా ఒంట్లో చూసేడో, నా పేటలో చూసేడో! నేను ఎమ్మెస్సీ, బీఈడీ. "రాయటం నా పనండి, రిజిస్టరు నేను రాస్తాను. బురద అందరం వంతులేసుకుని తీద్దాం" అని కుర్చీ లాక్కుని కూర్చున్నాను. వంతుల మాటకి ఒక్కరూ పలకలేదు.

మధ్యాహ్నం ఒకావిడ వచ్చింది. బురద ఎత్తటానికి వేరే మున్సిపాలిటీ నుంచి తెచ్చిన పారిశుధ్య కార్మికురాలు. అరికాల్లో గాజుపెంకు దిగి రక్తం కారతంది. బల్ల దగ్గర కుర్రాడు డోరు నెంబరడిగేడు. "నాకిక్కడ డోరేది బాబూ, మాది ఈ ఊరు కాదు" అంది. "ఇవి బాధితులకమ్మా, మీవోళ్లు మీకిస్తారు" అన్నాడు. రిజిస్టర్లో రెండే పట్టీలు: బాధితులు, వైద్య బృందం. ఆవిడ పేరు నేను రెండో పట్టీలో రాసేను. "అదేంటి మాస్టారూ?" అన్నాడు కుర్రాడు. "ఇక్కడ మనందరికంటే ఎక్కువ వైద్యం చేస్తంది ఆవిడే" అన్నాను. డాక్టరు గారు మారుమాట్లాడకుండా గాజుపెంకు తీసి, గాయం కడిగి, టీటీ ఇంజెక్షనిచ్చి మాత్రలిచ్చేరు. ఆయన మంచివాడు. నా కోపం ఆయన మీద కాదు. ఆవిడకి పట్టీ లేని ఆ రిజిస్టరు మీద.

ఆవిణ్ణి వైద్య బృందంలో రాయటం మాట వరసకి కాదు. వరద నీళ్లలో ఎలుకల మూత్రం కలుస్తుంది. అందులో ఉండే లెప్టోస్పైరా అనే క్రిమి కాళ్ల పగుళ్ల నుంచి, గాయాల నుంచి ఒంట్లోకి పోతుంది. జ్వరం, ఒళ్లు నొప్పులతో మొదలై, ముదిరితే కామెర్లు, కిడ్నీలు పోవటం దాకా వస్తుంది. ఆ ముప్పు ఎక్కువున్నవాళ్లకి ముందుజాగ్రత్తగా వారానికోసారి 200 మిల్లీగ్రాముల డాక్సీసైక్లిన్ ఇస్తారు. రోజంతా బురదలో నిలబడేవాళ్లకంటే ముప్పున్నవాళ్లెవరు? కుళ్లు ఎత్తకపోతే ఎలకలు పోవు, ఈగలు పోవు, విరేచనాలు ఆగవు. డాక్టరు రోగమొచ్చేక మందిస్తాడు, ఆవిడ రోగం రాకుండా చేస్తంది. చదువుకున్నోడు చేస్తే ప్రజారోగ్యం, మావోళ్లు చేస్తే పాకీపనా?

ఇది ఒక్క విజయవాడ సంగతి కాదు. 2004 డిసెంబరు 26 సునామీ తర్వాత తమిళనాడులో నాగపట్నం శవాలు ఎత్తటానికి వేరే మున్సిపాలిటీల నుంచి దళిత కార్మికుల్నే తెచ్చేరు. 2005 విపత్తు నిర్వహణ చట్టం 61వ సెక్షను బాధితులకి సాయం ఇవ్వటంలో కులభేదం చూపకూడదంటుంది. మంచిదే. మరి సాయం చేసేవాళ్లలో ఎవరికి ఏ పని పంచుతున్నారో ఆ సెక్షను అడగదు. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణ 2016 జనవరి 26 నుంచి అమల్లో ఉంది. మా చేత మనుషుల, పశువుల కళేబరాలు మోయించటం, గోతులు తవ్వించటం దాని ప్రకారం నేరం. వరదొస్తే ఆ చట్టం కూడా కొట్టుకుపోతుందా?

"ఆపదలో కూడా కులం తెస్తారేంటండీ" అని మమ్మల్నంటారు. మేం తేలేదు బాబూ. ఎటేపని అడిగినప్పుడే అది వచ్చింది.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, మీరు రేపు ఎన్నెస్సెస్‌లోనో, రెడ్‌క్రాస్‌లోనో సేవకి వెళ్తారు. మునిగిన చోట మొదటి క్యాంపు మెయిన్ రోడ్డు మీద కాదు, పల్లంలో పెట్టమనండి. బురదలో దిగే ప్రతి మనిషికీ దిగకముందే బూట్లు, గ్లౌజులు, టీటీ, డాక్టరు చెప్పిన మాత్రలు ఇమ్మనండి. వాళ్ల పేర్లు సహాయక బృందంలో రాయమనండి. పార వంతుల మీద అందరి చేతికీ రావాలనండి. కాదంటే రిజిస్టరు మీరు తీసుకోండి. ఎవరు ఏ పని చేసేరో, ఎవరికి మందు అందలేదో తేదీ వేసి రాయండి. మా నాన్నల పని ఏ కాయితంలోనూ ఎక్కలేదు. రాయటం నేర్చిన మొదటి తరం మనం. ఇక నుంచి లెక్క మన దగ్గర ఉండాలి.