రాసిచ్చిన మాటలు

ఇబ్రహీంపట్నంలో ఒక కళాశాల వక్తృత్వ పోటీకి న్యాయనిర్ణేతగా వెళ్ళాను. అంశం 'పర్యావరణ పరిరక్షణలో మహిళల పాత్ర'. అమ్మాయిలంతా స్త్రీని భూమాతతో పోల్చారు. పంతులమ్మ రాసిచ్చింది తడబడకుండా అప్పజెప్పారు. ఆరేసిన బట్టల మీద థర్మల్ బూడిద దులుపుకునే ఊళ్ళో, బూడిద మాట ఒక్కరూ ఎత్తలేదు.

తప్పు వాళ్ళది కాదు. అంశం మనమే ఇస్తాం, ప్రసంగం మనమే రాసిస్తాం, ఉచ్చారణకూ హావభావాలకూ మార్కులు వేస్తాం. ఎవరిని ఏమని నిలదీసిందన్న దానికి మాత్రం మార్కులుండవు. మార్చి 8న మన సంఘాలు పెట్టే పోటీలూ ఇంతే కదా!

1990ల తొలినాళ్ళలో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళకు ఎవరూ ఉపన్యాసకళ నేర్పలేదు. అక్షరాస్యతా తరగతుల్లో తమ బతుకుల గురించి తామే మాట్లాడుకున్నారు. సారా అమ్మకాలను అడ్డుకున్నారు. ఆ పోరాటం జిల్లాలు దాటింది. 1993 అక్టోబరులో రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది.

స్థానిక సంస్థల్లో సీట్లు సాధించుకున్నాం. అయినా ఎన్నోచోట్ల సర్పంచి భార్య, మాట్లాడేది భర్త. ఆ మౌనానికి తర్ఫీదు తరగతి గదిలోనే మొదలవుతోంది. అమ్మాయిలకు ఇక అంశాలు ఇవ్వొద్దు. ఏం అడగాలో వాళ్ళనే తేల్చుకోనిద్దాం. గ్రామసభకో, వార్డు సభకో వాళ్ళతో పాటు వెళ్దాం. బహుమతులు కాదు, జవాబులు తెచ్చుకోనిద్దాం.