సహజ వనరుల చదువు: తొలి ఏడాదిలో ఏముంటుంది?

‘సహజ వనరుల నిర్వహణ’ అన్న పేరుతోనే పట్టా ఇచ్చే కోర్సులు మన విశ్వవిద్యాలయాల్లో పెద్దగా కనిపించవు. ఆ చదువు అటవీ శాస్త్రం, నేల శాస్త్రం, జల విజ్ఞానం, మత్స్య శాస్త్రం, పర్యావరణ శాస్త్రం అంటూ చెట్టుకొకటి పుట్టకొకటిగా ఉంటుంది. అడవుల చదువు కూడా చాలాకాలం ఉద్యోగంలో చేరినవారికి ఇచ్చే శిక్షణగానే సాగింది. 1878లో డెహ్రాడూన్‌లో పెట్టిన ఫారెస్ట్ స్కూలు ఉద్దేశం అదే. జాతీయ వ్యవసాయ కమిషన్ 1976లో సిఫారసు చేశాక, 1980ల మధ్యలో వ్యవసాయ విశ్వవిద్యాలయాలు బీఎస్సీ ఫారెస్ట్రీని తెచ్చి ఇంటర్ చదివినవారికి తలుపు తీశాయి. తెలంగాణలో అటవీ కళాశాల 2016లో మొదలైంది. అది ఉన్నది సిద్దిపేట జిల్లా ములుగులో. 

పేరు ఏదైనా, తొలి ఏడాది ముఖ్యంగా నేర్పేది కొలవడం. చెట్టు లావును నేల నుంచి 1.37 మీటర్ల ఎత్తున, అంటే రొమ్ము ఎత్తున కొలుస్తారు. చెట్టు మొదలు దగ్గరి వేర్ల ఉబ్బు లెక్కలోకి రాకుండా ఉండటానికీ, వంగకుండా టేపు చుట్టడానికీ ఆ ఎత్తు అనువు. వాలులో ఉన్న చెట్టుకైతే ఎగువ వైపు నిలబడి చూడాలి. ఆ ఎత్తుకు దిగువనే రెండుగా చీలితే రెండు చెట్లుగా రాసుకోవాలి. కలప వ్యాపారంలో పాతకాలం నుంచి ఉన్న లెక్క ఒకటుంది: దుంగ చుట్టుకొలతలో నాలుగో వంతును వర్గం చేసి పొడవుతో గుణిస్తారు. దుంగ నిండు గుండ్రంగా ఉన్నా ఈ లెక్కలో వచ్చేది అసలు ఘనపరిమాణంలో 78.5 శాతమే. మిగిలినది కోతలో పోయే పొట్టు, పక్కచెక్కల కింద వదిలేసినట్టు. సూత్రం వెనుక బేరం కూడా ఉంటుందని విద్యార్థికి ఇక్కడే తెలియాలి.

నేల పాఠంలో పరికరం చేతివేళ్లే. తడిపిన మట్టిని బొటనవేలితో నొక్కుతూ పట్టీలా సాగదీస్తే, బంకమన్ను ఎక్కువున్నది తెగకుండా పొడుగ్గా సాగుతుంది. ఇసుక పాలు ఎక్కువైతే వెంటనే విరిగిపోతుంది. ఎర్ర చల్క, నల్లరేగడి తేడా రైతు ఇంట పుట్టిన పిల్లలకు ముందే తెలుసు. రేగడిలోని బంకమన్ను తడికి ఉబ్బి, ఎండకు కుంచించుకుపోతుంది కనుకనే వేసవిలో నెర్రెలు విచ్చుతుందన్న కారణం తరగతి గదిలో తోడవుతుంది.

నీటి లెక్క ఇంకా సులువు. ఎకరంపై ఒక మిల్లీమీటరు వాన పడితే సుమారు 4,047 లీటర్లు. ఏడాదికి 700 మిల్లీమీటర్లు కురిస్తే 28 లక్షల లీటర్ల పైమాటే. అందులో ఆవిరయ్యేదెంత, వాగులో కలిసేదెంత, భూమిలోకి ఇంకేదెంత అన్నదే జల విజ్ఞానం తొలి అధ్యాయం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003 తర్వాత, ఏడు కరవు జిల్లాల్లో రైతులే భూగర్భ జలాలను నిర్వహించుకునే పథకం ఒకటి నడిచింది. వాన ఎంత కురిసిందో, బావుల్లో నీరు ఏ లోతున ఉందో రైతులే కొలిచి రాసుకున్నారు. రబీకి ముందు ఊరంతా కూర్చుని నీటి బడ్జెట్ వేసుకున్నారు. డిగ్రీ మొదటి సెమిస్టర్ పాఠం పొలం గట్టున నడిచిందన్నమాట.

కొలత వచ్చాక నిర్వచనం దగ్గర చిక్కు మొదలవుతుంది. భారత అటవీ సర్వే సంస్థ లెక్కలో, హెక్టారుకు తగ్గని విస్తీర్ణంలో చెట్ల నీడ 10 శాతానికి తగ్గకపోతే అది అటవీ విస్తీర్ణమే. భూమి ఎవరిది, చెట్టు ఏ జాతిది అన్నది పట్టించుకోరు. ఉపగ్రహ చిత్రంలో మామిడి తోట కూడా ఆ లెక్కలో చేరవచ్చు. చెట్లు పలచబడిన రిజర్వు అడవి మాత్రం అందులోంచి జారిపోతుంది. అటవీ విస్తీర్ణం పెరిగిందన్న వార్త చదివినప్పుడు ఏది పెరిగిందని అడగగలిగితే ఈ పాఠం వంటబట్టినట్టే.

ఎంత తీసుకుంటే వనరు తరగకుండా ఉంటుందన్నది తర్వాతి ప్రశ్న. పాఠ్యపుస్తకపు సాదా నమూనా ప్రకారం, చేపల సంఖ్య ఆ నీరు భరించగలిగే గరిష్ఠంలో సగం ఉన్నప్పుడు పెరుగుదల అత్యధికం. ఆ పెరుగుదల మేరకే పట్టుకోవాలి. కాగితం మీద ఇది ముచ్చటగా ఉంటుంది. కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్ తీరంలో శాస్త్రవేత్తలు, కోటాలు అన్నీ ఉండి కూడా కాడ్ చేపల నిల్వలు కుప్పకూలాయి. 1992లో వేట ఆపేయాల్సి వచ్చింది. నీటిలో ఎన్ని చేపలున్నాయన్న అంచనాయే ఎక్కువగా వేసుకున్నారు.

తొలి ఏడాది పాఠాల్లో తెలుగు విద్యార్థికి అన్నిటికన్నా దగ్గరైనది ఉమ్మడి వనరుల చర్చ. పదిమందిదైన పచ్చిక బయలు పాడుకాక తప్పదని గారెట్ హార్డిన్ 1968లో వాదించారు. జనం నియమాలు పెట్టుకుని కాపాడుకున్న ఉదాహరణలతో ఎలినార్ ఆస్ట్రమ్ 1990లో దానికి జవాబిచ్చారు. 2009లో ఆమెకు ఆర్థికశాస్త్ర నోబెల్ వచ్చింది. ఆ చర్చకు బలమిచ్చిన అధ్యయనాల్లో ఒకటి కర్నూలు జిల్లాది. రాబర్ట్ వేడ్ 1988లో అచ్చువేసిన ‘విలేజ్ రిపబ్లిక్స్’ కాలువ కింది ఊళ్ల గురించిన పుస్తకం. నీరు పారించేవారిని, పంట కాపలాదారులను కొన్ని ఊళ్లు తామే పెట్టుకున్నాయి. కోతలయ్యాక పొలాల్లో గొర్రెల మేత హక్కును అమ్మి ఊరి నిధి కూడబెట్టాయి. ఇలాంటి కట్టుబాటు కాలువ మొదట్లోని ఊళ్లకన్నా, నీటికి కటకటపడే చివరి ఊళ్లలోనే ఎక్కువగా కనిపించింది. ఇంత దగ్గరి ఉదాహరణ ఉండగా ఆస్ట్రమ్ చూపిన స్విట్జర్లాండ్ పచ్చిక బయళ్లతో సరిపెట్టడం అన్యాయం.

ఈ కోర్సుల్లో చేరని డిగ్రీ విద్యార్థులకూ వీటి రుచి కొంత తగులుతుంది. న్యాయవాది ఎం.సి. మెహతా వేసిన కేసులో సుప్రీంకోర్టు 1991లో, ఆ తర్వాత ఇచ్చిన ఆదేశాల వల్ల పర్యావరణ అధ్యయనం అన్ని డిగ్రీల్లోనూ తప్పనిసరి అయింది. యూజీసీ అప్పట్లో తయారుచేసిన ఆరు నెలల పాఠ్యప్రణాళికలో 50 తరగతులు. సహజ వనరులకు 8, క్షేత్ర పర్యటనకు 5. వంద మార్కుల్లో క్షేత్ర పనికి 25. కాగితం మీద ఇది తక్కువేమీ కాదు. చాలా కళాశాలల్లో మాత్రం ఆ 25 మార్కులు ఒకరిది చూసి ఒకరు రాసిన రికార్డుకే పడేవి. పాఠ్యప్రణాళిక అడిగింది దగ్గర్లోని వాగునో, గుట్టనో, చెరువునో చూసి, అక్కడి మొక్కలు, పురుగులు, పక్షుల వివరాలు రాసుకురమ్మని. నడిచి వెళ్లగలిగే దూరంలో చెరువు ఉన్న కళాశాలలు తెలుగు జిల్లాల్లో ఎన్నో ఉన్నాయి.